మూడు దారుల ఊరు మన కాజీపేట

ఎక్కడికెళ్లినా మన ఊరి పేరు చెప్పగానే "ఓ, జంక్షనా!" అంటారు. మన బడి గురించి ఈ సంచికలో చాలామంది మిత్రులు రాస్తారు. ఆ బడికి పిల్లల్ని పంపిన రైల్వే గురించి నేను నాలుగు మాటలు రాస్తాను.

నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఆ లైను తూర్పుకు సాగి, మన మీదుగా డోర్నకల్ దాటి 1889లో బెజవాడ చేరింది. అప్పటికి కాజీపేట దారిలో వచ్చే ఊళ్లలో ఒకటి, అంతే. 1929లో బల్లార్షా లైను వచ్చి ఇక్కడ కలవడంతో ఢిల్లీ–మద్రాసు మధ్య నేరు దారి ఏర్పడింది. మన ఊరి దశ తిరిగింది.

ఆవిరి ఇంజనుకు దారిలో బొగ్గు, నీళ్లు కావాలి. సిబ్బంది మారాలి. మూడు వైపుల నుంచి వచ్చే గూడ్సు బండ్లను యార్డులో విడదీసి, ఏ వ్యాగన్ ఎటు పోవాలో చూసి మళ్లీ కలపాలి. ఇంత పనికి ఎందరో మనుషులు కావాలి. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, పాయింట్స్‌మన్లు, గ్యాంగ్‌మన్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అందుకే మా తరగతిలో తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ మాట్లాడే ఇళ్ల పిల్లలందరం ఉండేవాళ్లం. నాన్న నైట్ డ్యూటీ దిగి పడుకుంటే పగలు గట్టిగా మాట్లాడకూడదన్నది అన్ని క్వార్టర్లలోనూ ఒకటే రూలు.

యజమానులు మారారు. 1930లో కంపెనీ నుంచి రైల్వే నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1951లో సెంట్రల్ రైల్వేలో, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వేలో చేరాం. డీజిల్, ఆ తర్వాత కరెంటు ఇంజన్లు వచ్చాక బొగ్గు పని పోయింది. గూడ్సు రేకులు విడదీయకుండానే నేరుగా గమ్యానికి పోతుండడంతో షంటింగూ తగ్గింది.

1980లలో మనకు వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబులోని కపుర్తలాకు వెళ్లింది. తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని 2014 విభజన చట్టంలో రాశారు. చివరకు 2023 జూలై 8న కాజీపేట వ్యాగన్ తయారీ యూనిట్‌కు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఇన్నేళ్ల ఎదురుచూపులో ఒక తరం ఉద్యోగాల కోసం ఊరు దాటిపోయింది.

స్వర్ణోత్సవ వేళ సంఘానికి నావి రెండు మనవులు. కొత్త యూనిట్‌లో కొలువులకు మన బడి పిల్లలు పోటీపడేలా ఐటీఐ, డిప్లొమా చదువులకు సాయం చేద్దాం. ఆవిరి ఇంజన్లు నడిపిన పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే వాళ్ల మాటలు రికార్డు చేద్దాం. లైను ఏ సంవత్సరం పడిందో కాగితాలు చెబుతాయి. ఎండాకాలంలో ఆ ఫుట్‌ప్లేట్ మీద నిలబడితే ఎలా ఉండేదో వాళ్లే చెప్పాలి.