పెరటి నిప్పు, వంటింటి పొగ

2023 జూలై నాలుగున మా తమ్ముడు వంట చేశాడు. ఆ సంగతి ఫోన్లో చెబితే అమ్మ నమ్మలేదు. అమెరికా వెళ్ళేదాకా టీ కూడా పెట్టుకోవడం రాని మనిషి. ఇప్పుడు వర్జీనియాలో, రిచ్‌మండ్ శివార్లలో, సొంత ఇంటి పెరట్లో నల్లటి గ్రిల్ ముందు నిలబడి, కణకణలాడే బొగ్గుల మీద హికరీ చెక్క ముక్కలు వేసి, పొడవాటి పట్టకారుతో కోడికాళ్ళు తిప్పుతున్నాడు. పాత వంట పుస్తకాలు చదువుకోవడానికి రెండు నెలల కోసం అక్కడి ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్ళిన నేను, ఆ సెలవు రోజున వాళ్ళింట్లో ఉన్నాను.

పదహారు మంది అతిథులు. "నలభీమపాకమంటే ఇదేనయ్యా!" అన్నారొక పెద్దాయన. అందరూ చప్పట్లు కొట్టారు. మా మరదలు అప్పుడు లోపల సింకు దగ్గర ఉంది.

నాకు లెక్కపెట్టే చెడ్డ అలవాటొకటుంది. ముందురోజు రాత్రి కోడిమాంసం కడిగి, గాట్లు పెట్టి, పెరుగూ అల్లం వెల్లుల్లీ కారమూ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టింది మరదలు. పొద్దున్నే మాంసం తిననివాళ్ళ కోసం పనీరు ముక్కలు పుల్లలకు గుచ్చింది. మొక్కజొన్న పొత్తులు వలిచింది. పులిహోర కలిపింది, పెరుగుపచ్చడి చేసింది, పిల్లలకి కారం లేకుండా విడిగా తీసి ఉంచింది. తమ్ముడు నిప్పు రాజేసి రెండు గంటలు నిలబడి కాల్చాడు. అతను కష్టపడలేదని అనను. ఎండ, సెగ, చెమట అన్నీ ఉన్నాయి. కానీ ఆ రోజు వంట ఎవరు చేశారని అడిగితే పదహారు మందీ ఒకే పేరు చెబుతారు.

నలభీమపాకం అన్న మాట అప్పుడే నాకు కొత్తగా వినిపించింది. తరతరాలుగా రోజుకి రెండు పూటలా వండింది ఆడవాళ్ళు. భాషలో మంచి వంటకి పేరుగా నిలిచింది ఇద్దరు మగవాళ్ళు. బాహుకుడిగా నలుడూ, వలలుడిగా భీముడూ మారువేషాల్లో కొంతకాలం పరాయి కొలువులో వండారు. అడవిలో ఉన్నన్నాళ్ళూ వచ్చిపోయే వాళ్ళందరికీ పెట్టింది ద్రౌపది. వాళ్ళకి పాకం దక్కింది. ఆమెకి దక్కింది పాత్ర, అదీ రోజూ తోముకోవలసినది.

ఆ రాత్రి నుంచీ నా చదువు దారి మళ్ళింది. పెరట్లో నిప్పు మీద కాల్చడమనే ఈ పని మగవాడి కళ ఎప్పుడయింది? ఎవరి చేతుల్లోంచి వచ్చి ఎవరి పేరు మీద స్థిరపడింది?

బార్బెక్యూ అన్న మాట స్పానిష్ 'బార్బకోవా' నుంచి వచ్చింది. స్పెయిన్‌వాళ్ళు దాన్ని కరీబియన్ దీవుల తైనో జనం నోట విన్నారు. 16వ శతాబ్దంలో ఒవియెడో అనే స్పానిష్ చరిత్రకారుడు ఆ మాటను రాతలోకి ఎక్కించాడు. గుంజలు పాతి, వాటి మీద కర్రలు పేర్చి కట్టిన ఎత్తయిన చట్రం అది. మన భాషలో చెప్పాలంటే మంచె. దాని మీద పడుకునేవాళ్ళు, గింజలు దాచుకునేవాళ్ళు, కింద నిప్పు పెట్టి మాంసమూ చేపలూ కాల్చుకునేవాళ్ళు. అంటే మొదట్లో అది వంట పేరు కాదు, బతుకులో భాగమైన ఒక చెక్క చట్రం పేరు.

ఆ చట్రానికి సంబంధించిన రెండు బొమ్మలు నన్ను చాలాసేపు ఆపేశాయి. 1585లో ఇంగ్లండు నుంచి అమెరికా తీరానికి వెళ్ళిన జాన్ వైట్, అక్కడి ఆల్గాంకియన్ జనం చేపలు కాల్చే పద్ధతిని నీటిరంగుల్లో చిత్రించాడు. అందులో చట్రం, నిప్పు, చేపలు మాత్రమే ఉంటాయి. మనుషులెవరూ ఉండరు. 1590లో థియోడర్ డి బ్రై దాన్ని లోహపు పలక మీద చెక్కి అచ్చువేసేటప్పుడు నిప్పుకి ఇటూ అటూ ఇద్దరు మగవాళ్ళని నిలబెట్టాడు. యూరప్ అంతా చూసింది ఆ రెండో బొమ్మనే. ఆ తీరంలో చేపలు కాల్చింది ఆడవాళ్ళేనని దీనివల్ల రుజువు కాదు. కానీ ఖాళీగా ఉన్న చోట ఎవరిని ఊహించుకుని నింపుతాం అన్నది కూడా చరిత్రే కదా.

తర్వాతి కథ బానిసత్వానిది. వర్జీనియాలో, కరోలినాల్లో తెల్ల భూస్వాముల విందులకీ రాజకీయ సభలకీ పందుల్నీ మేకల్నీ నిలువునా కాల్చేవారు. జార్జ్ వాషింగ్టన్ 1769లో అలెగ్జాండ్రియాలో ఒక బార్బెక్యూకి వెళ్ళి రాత్రంతా అక్కడే ఉన్నట్టు డైరీలో రాసుకున్నాడు. నిప్పు దగ్గర ఎవరున్నారో రాసుకోలేదు. ఆ పని పద్ధతి గురించి చదువుతుంటే నాకు మన పెళ్ళిళ్ళ గాడిపొయ్యి కళ్ళకి కట్టింది. నేలలో పొడవాటి గాడి తవ్వడం, ముందురోజు నుంచే కట్టెలు కాల్చి నిప్పులు చేయడం, రాత్రంతా మేలుకుని సెగ ఎగయకుండా, ఆరకుండా చూసుకోవడం, మాంసం తిప్పుతూ వెనిగరూ మిరపకారమూ కలిపిన నీళ్ళు పూస్తూ ఉండడం. ఇదంతా చేసింది బానిసలుగా ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లు, గాడి దగ్గర ఎక్కువగా మగవాళ్ళు. యజమానుల వంటిళ్ళలో రోజువారీ నిప్పు దగ్గర ఎక్కువగా నల్లజాతి స్త్రీలు. 1936-38 మధ్య అమెరికా ప్రభుత్వం తరఫున రచయితలు ఒకప్పుడు బానిసలుగా బతికిన రెండు వేల మూడు వందల మందికి పైగా వృద్ధులతో మాట్లాడి వాళ్ళ జ్ఞాపకాలు రాసుకున్నారు. ఆ రాత్రుల మాటలు కొన్ని వాటిలో దొరుకుతాయి. మన దగ్గర స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' కోసం తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చోకపోతే, వాళ్ళ మాటలూ ఇలాగే గాలిలో కలిసిపోయేవి.

పుస్తకం మాత్రం ముందు యజమానురాలి పేరుతో వచ్చింది. 1824లో మేరీ రాండోల్ఫ్ 'ది వర్జీనియా హౌస్‌వైఫ్' అచ్చువేసింది. పంది పిల్లని బార్బెక్యూ చేసే పద్ధతి అందులో ఉంది. ఆమె బానిసల్ని ఉంచుకున్న కుటుంబాల మనిషి. స్త్రీ రాసిన తొలినాటి అమెరికన్ వంట పుస్తకాల్లో ఒకటని మనం సంతోషించే లోపే, ఆ వంటింట్లో నిలబడిన స్త్రీలెవరన్న ప్రశ్న ఎదురవుతుంది. నల్లజాతి స్త్రీ పేరుతో మనకి తెలిసిన మొదటి వంట పుస్తకం 1866లో మలిండా రసెల్ తెచ్చింది. 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన పుస్తకాన్ని బానిసగా పుట్టిన అబీ ఫిషర్, చదవడం రాయడం రాదు కాబట్టి, చెప్పి రాయించింది.

మరి పెరటి గ్రిల్? అది చాలా ఇటీవలిది. 1920లలో హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మిగిలిన చెక్కముక్కల్ని మిషిగన్‌లో బొగ్గు బిళ్ళలుగా మార్పించి, తన కార్లు అమ్మే దుకాణాల్లోనే అమ్మించాడు. ఆ బొగ్గే తర్వాత కింగ్స్‌ఫర్డ్ పేరుతో ఇంటింటికీ చేరింది. 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్, నీళ్ళ మీద తేలే ఇనప బోయాల్ని తయారుచేసే కార్ఖానాలో పనిచేస్తూ, అలాంటి గుండ్రటి గోళాన్ని రెండు ముక్కలు చేసి మూత ఉన్న గ్రిల్ చేశాడు. మా తమ్ముడి పెరట్లో ఉన్నది దాని సంతతే. యుద్ధం ముగిశాక ఊళ్ళకి దూరంగా సొంత ఇళ్ళ కాలనీలు వెలిశాయి. 1947లో మొదలైన లెవిట్‌టౌన్ అందులో పేరుమోసింది. తెల్లవాళ్ళు కానివాళ్ళు ఇంట్లో ఉండకూడదని అక్కడి తొలి ఒప్పందాల్లోనే షరతు ఉండేది. అంటే నిప్పు పెరట్లోకి వచ్చేటప్పటికి, ఆ నిప్పు పని తెలిసిన వాళ్ళకి పెరడే లేకుండా చేశారు.

అలా వచ్చిన పెరట్లో ఆదివారాల్లో, సెలవుల్లో నిలబడటానికి భర్తని పిలిచారు. 1941లో జేమ్స్ బియర్డ్ ఆరుబయటి వంట మీద రాసిన పుస్తకాన్నే మగవాళ్ళ పుస్తకమని చెప్పి అమ్మారు. తర్వాతి పదిహేనేళ్ళ పత్రికల ప్రకటనల్లో ఏప్రన్ కట్టుకున్న భర్త, సలాడ్ గిన్నె పట్టుకున్న భార్య మామూలు దృశ్యమయ్యారు. వారమంతా ఆమె చేసేది చాకిరీ, ఆదివారం అతను చేసేది కళ. 1963లో బెటీ ఫ్రీడన్ రాసిన పేరులేని అసంతృప్తి సరిగ్గా ఆ ఇళ్ళ లోపలిదే.

పెరడు లేనివాళ్ళ సంగతి మరుసటేడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఆలీస్ బార్బెక్యూ అనే హోటల్లో పనివాళ్ళు ముప్ఫై ఆరుగురు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది నల్లవాళ్ళు. నల్లవాళ్ళు అక్కడ వండవచ్చు, వడ్డించవచ్చు, పొట్లం కట్టించుకుని పోవచ్చు. కూర్చుని తినడానికి వీల్లేదు. పౌరహక్కుల చట్టం తమకి వర్తించదని యజమానులు వాదించారు. 1964 డిసెంబరులో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ వాదన కొట్టేశారు. వండే చేతికీ తినే నోటికీ మధ్య గీత గీయడం మనకి కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక్కడ నేను మా అమ్మమ్మ దగ్గరికి రావాలి. నిజానికి ఈ వ్యాసం ఆమె దగ్గరే మొదలవ్వాల్సింది.

మా తమ్ముడు ఆ హికరీ చెక్క ముక్కల్ని సంచీకి ఇంతని డబ్బు పెట్టి కొన్నాడు. మాంసానికి పొగ రుచి రావాలని. అమ్మమ్మ యాభై ఏళ్ళు ఆ పొగలోనే వండింది. సరుగుడు కట్టెలు, కొబ్బరిమట్టలు, వానాకాలంలో తడిసిన పిడకలు. గొట్టంతో ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబారేవి. గ్యాస్ వచ్చాక కూడా నీళ్ళు కాచడానికీ పాలు కాగడానికీ కట్టెల పొయ్యే. 2004లో ఆమెని ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. "చుట్ట తాగేవారా?" అని అడిగాడు డాక్టరు. లేదన్నాం. ఇంకేమీ అడగలేదు. మేమూ ఇంకేమీ చెప్పలేదు. పొయ్యి సంగతి మా ఎవరికీ తట్టలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో వంటచెరకు పొగ మీద శాస్త్రవేత్తల అధ్యయనం ఒకటి సరిగ్గా ఆ ఏడాదే అచ్చయింది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ పొగ పీల్చేది వండే స్త్రీయేనని అందులో కొలతలతో సహా ఉంది. ఇళ్ళలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగ అమెరికా పెరట్లో ఏడాదికి నాలుగుసార్లు పీలిస్తే రుచి. మూసిన వంటింట్లో రోజుకి రెండు పూటలా పీలిస్తే జబ్బు, ఆ జబ్బుకి కారణం రాసే కాగితం ఉండదు.

తెలుగు కథల్లో వంటిల్లు గురించి నేను డాక్టరేటు చేశాను. విమల 'వంటిల్లు' కవిత మీద ఒక అధ్యాయంలో సగం రాశాను. నీ పొయ్యి గురించి చెప్పు అని మాత్రం అమ్మమ్మని ఎన్నడూ అడగలేదు. అడిగే వయసు వచ్చేసరికి ఆమె లేదు.

ఆమె గురించి రాస్తూ ఉంటే ఇంకొక మనిషి గుర్తొచ్చింది. వారానికోసారి వచ్చి పెరట్లో కట్టెలు చీల్చి, పిడకల గంప దించి, వంటింటి గడప బయటే నిలబడి పోయిన మనిషి. ఆమె తెచ్చిన కట్టెలు లోపలికి వచ్చేవి, ఆమె రాకూడదు. మేరీ రాండోల్ఫ్‌ని తప్పుపట్టడం నాకు సులువైంది. మా అమ్మమ్మ మీద జాలిపడటమూ సులువైంది. ఆ గడప బయటి మనిషి పేరు నాకు తెలియదన్న సంగతి ఒప్పుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఆ జూలై రాత్రి అతిథులంతా వెళ్ళాక మరదలు వచ్చి గ్రిల్ పక్కన కూర్చుంది. నిప్పులింకా ఆరలేదు. "మా నానమ్మ పొయ్యిలో వంకాయ కాల్చేది వదినా. ఈ వాసనకి అదే గుర్తొస్తుంది. నిప్పు దగ్గర నిలబడటం నాకూ ఇష్టమే. కానీ నేనిక్కడుంటే లోపల ఎవరుంటారు?" అంది.

నేను జవాబు చెప్పలేదు. ఆ రోజంతా నేను లెక్కపెట్టాను గానీ ఒక్క గిన్నె కూడా తోమలేదు.

ఆ నిప్పు మీద స్త్రీలకి పేరు రాకపోలేదు. టెక్సస్ రాష్ట్రంలో టూట్సీ టొమనెట్జ్ 1966 నుంచీ కట్టె నిప్పు మీద మాంసం కాలుస్తూ, 2018లో బార్బెక్యూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కింది. అప్పటికి ఆమెకి ఎనభై దాటాయి. రెండేళ్ళ తర్వాత మెంఫిస్‌కి చెందిన నల్లజాతి స్త్రీ డిజైరీ రాబిన్సన్ కూడా అందులో చేరింది. సంతోషమే. ఆ పేర్లతో పాటు నాకు ఇంకొక పేరు కావాలనిపించింది.

ఊరికి వచ్చాక అమ్మని అడిగాను, కట్టెలు చీల్చే ఆమె పేరేమిటని. ఆమెకీ వెంటనే గుర్తు రాలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి చెప్పింది. ఆమె లేదట. కూతురు ఊళ్ళోనే ఉందట. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఆ కూతురిని అడగకుండా రాసే హక్కు నాకు లేదు. వచ్చే నెల వెళ్తున్నాను. వాళ్ళమ్మ గురించి నాకు చెప్పడం ఆమెకి ఇష్టమో కాదో ముందు అది అడగాలి.