రాయపురం ఉప్పుగాలిలో ప్లాస్మా కట్టర్

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చెన్నై రాయపురంలోని కాశిమేడు చేపల రేవులో పడవల మరమ్మతులకు అదే అదను. సూళ్లూరుపేట, తడల నుంచి లోకల్ రైలులో చేరగల దూరమే గనుక, వెల్డింగ్ పని నేర్చిన సరిహద్దు గ్రామాల కుర్రవాళ్లకు ఆ వైపు పని వెతుక్కోవడం సహజం. కొంత కూడబెట్టిన తరువాత ఊళ్లోనే సొంత షెడ్డు పెట్టుకోవాలనుకొనే కుటుంబం మొదట ఆలోచించే యంత్రాలలో చేతితో మోసుకుపోగల ప్లాస్మా కట్టర్ ఒకటి. దానిని కొనడం తేలిక, కాపాడుకోవడమే కష్టం.

గ్యాస్ కటింగ్‌లో ఆక్సిజన్ ఇనుమును మండించి కోస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం ఆ పద్ధతికి లొంగవు. వాటిపై ఏర్పడే ఆక్సైడు పొర కరగాలంటే లోహం కరిగే వేడి చాలదు. ప్లాస్మా కట్టర్ మండించదు, కరిగించి ఊదివేస్తుంది. టార్చిలోని ఎలక్ట్రోడుకు, నాజిలుకు మధ్య పుట్టిన విద్యుత్ జ్వాల, ఒత్తిడితో వచ్చే గాలిని సుమారు 20,000 డిగ్రీల వేడికి తెస్తుంది. సన్నని రంధ్రం గుండా దూసుకువచ్చే ఆ ధార విద్యుత్తు ప్రవహించే ఏ లోహాన్నయినా కోస్తుంది. 1950ల మధ్యలో అమెరికాలో రూపొందిన ఈ పద్ధతికి సిలిండర్లు అక్కరలేదు, మామూలు గాలి చాలు.

చిక్కంతా ఆ గాలిలోనే ఉన్నది. వేసవిలో సముద్రతీరపు గాలి 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమతో ఉంటే, ఘనమీటరుకు సుమారు 28 గ్రాముల నీటిని మోస్తుంది. 40 ఆంపియర్ల కట్టర్ నిమిషానికి 180 లీటర్ల గాలి తీసుకుంటే, గంటలో దాదాపు 300 గ్రాముల నీరు కంప్రెసర్‌లోకి పోయినట్లే. కొంత ట్యాంకు అడుగున చేరుతుంది, మిగిలినది గొట్టం వెంట టార్చి దాకా ప్రయాణిస్తుంది. నీరు చేరితే జ్వాల చిటపటలాడి ఆరిపోతుంది, నాజిల్ రంధ్రం వంకరపోతుంది, ఎలక్ట్రోడు త్వరగా అరుగుతుంది. యంత్రం పాడైందని మెకానిక్కు దగ్గరకు మోసుకుపోయే ముందు ఒక పరీక్ష చేయవచ్చు. చాలా యంత్రాలకు జ్వాల లేకుండా గాలిని మాత్రమే వదిలే స్విచ్ ఉంటుంది. దానిని వేసి టార్చి ముందు అద్దం పట్టినప్పుడు మసక కమ్మినా, చుక్కలు పడినా తప్పు గాలిదే. కంప్రెసర్ ట్యాంకు నీటిని పూటపూటకూ వదలాలి. కంప్రెసర్‌కు కొంత దూరంగా, గాలి చల్లబడిన చోట నీటిని వేరుచేసే ఫిల్టర్ బిగించాలి. వేడి గాలి ఆవిరిని దాటించివేస్తుంది గనుక ట్యాంకు మూతి దగ్గరే బిగించిన ఫిల్టరుతో ప్రయోజనం తక్కువ. ఒత్తిడి యంత్రంపై రాసినంత, సాధారణంగా 4.5 నుంచి 5.5 బార్, ఉండాలి. దానిని ట్రిగ్గర్ నొక్కి గాలి పారుతుండగా చూడాలి. ఊరకున్నప్పుడు గేజి చూపే అంకె మోసం చేస్తుంది.

గాలి బాగున్నా జ్వాల పలకకు అందకపోతే ఎర్త్ క్లాంపు చూడాలి. తుప్పు మీద, రంగు మీద పట్టించిన క్లాంపు పట్టించనట్లే. ఆ తరువాతి అనుమానం ఎలక్ట్రోడు. దాని కొనలో హాఫ్నియం అనే లోహపు చుక్క ఉంటుంది. అక్కడ గుంట సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే మార్చివేయడమే మేలు. నిప్పురవ్వలు పలక కిందికి పడుతుంటే కోత సరిగా సాగుతున్నట్లు, పైకి ఎగజిమ్ముతుంటే చేయి తొందరపడుతున్నట్లు లేదా పలక యంత్రం శక్తికి మించినట్లు. మరీ నెమ్మదిగా లాగితే అడుగున చిట్టెం ముద్దలు కడుతుంది. పని ఆపిన వెంటనే స్విచ్ కట్టివేయకూడదు, టార్చిని చల్లబరచే గాలి ఆగేదాకా నిరీక్షించాలి.

ఊళ్లో మరొక తంటా కరెంటు. 40 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ యంత్రం పూర్తి పనిలో 25 ఆంపియర్లకు పైగా లాగవచ్చు, 16 ఆంపియర్ల ప్లగ్గు అందుకు చాలదు. సన్నని పొడవాటి వైరుతో వోల్టేజి పడిపోయి యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. పంపుసెట్టుకిచ్చిన ఉచిత కనెక్షన్‌పై షెడ్డు నడపడం నిబంధనలకు విరుద్ధం.

ట్రిగ్గర్ నొక్కినప్పుడు టార్చి దగ్గర 200 వోల్టులకు పైగా ఉండవచ్చు. తడి నేల, చెమట పట్టిన చేతులు, చెప్పులు లేని కాళ్లు ప్రాణాంతకం. నాజిల్ మార్చేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టి తీరాలి. డీజిల్ నిలవ ఉంచిన ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి పేలుతుంది, పడవలోనైనా ట్రాక్టరుకైనా దానిని శుభ్రపరచకుండా తాకరాదు. జింకు పూత రేకులు కోసినవాడికి సాయంత్రం చలిజ్వరం వస్తే అది మలేరియా కాకపోవచ్చు, జింకు పొగ పీల్చినందువల్ల వచ్చే జ్వరం కావచ్చు. వైద్యునికి ఆనాడు చేసిన పని చెప్పాలి. జ్వాలను మామూలు చలువ అద్దాలతో చూడరాదు, 8వ నంబరు గాజు కావాలి. పేస్‌మేకర్ ఉన్న పెద్దలను షెడ్డు దరికి రానీయకూడదు.

యంత్రం ధర అడిగే ముందు ఆ టార్చి మోడలుకు నాజిళ్లు, ఎలక్ట్రోడ్లు దగ్గరి పట్టణంలో దొరుకుతాయా అని అడగాలి. వాటికోసం ప్రతిసారీ చెన్నై వెళ్లవలసివస్తే ఆ రోజు కూలి కూడా వాటి ఖరీదులోనే కలుస్తుంది.