మార్స్ నుంచి మార్టిన్ దాకా

మార్టిన్ అనే పేరు రోమన్ల యుద్ధదేవుడు మార్స్ నుంచి పుట్టింది. లాటిన్‌లో మార్టినస్ అంటే మార్స్‌కు చెందినవాడు. మనం కుజుడికిచ్చిన మంగళవారాన్నే రోమన్లూ ఆయనకిచ్చారు, మార్చి నెలా ఆయనదే. సైనికుడి ఇంట పుట్టిన మగపిల్లాడికి సరిగ్గా అతికే పేరు.

నాలుగో శతాబ్దంలో, ఇప్పటి హంగేరీలోని సోంబట్‌హెయ్‌లో అలాంటి ఇంట్లోనే ఒక మార్టిన్ పుట్టాడు. తండ్రి రోమన్ సైన్యంలో అధికారి. కొడుక్కీ ఆ కొలువు తప్పలేదు. ఒక చలికాలం అమియెన్ నగరద్వారం దగ్గర ఒంటిమీద గుడ్డలేని బిచ్చగాడు కనిపించాడు. మార్టిన్ దగ్గర ఇవ్వడానికేమీ లేదు. కత్తి దూసి, కప్పుకున్న అంగీని నిలువునా కోసి సగం అతనికిచ్చాడు. సగం అంగీతో మిగిలిన సైనికుణ్ని చూసి కొందరు నవ్వారని ఆయన చరిత్ర రాసిన సల్పీషియస్ సెవెరస్ చెబుతాడు. ఆ నవ్వునూ దాచకుండా రాశాడు గనకే నాకీ కథ మీద గురి.

తర్వాత మార్టిన్ ఇక యుద్ధం చేయనని సైన్యం విడిచాడు, తూర్ బిషప్ అయ్యాడు. 397లో మరణించాడు, సమాధి చేసింది నవంబరు 11న. యుద్ధం వద్దన్న మనిషి అంగీని ఫ్రాంకు రాజులు యుద్ధాలకే వెంట తీసుకెళ్లారు. ఈ కథలో నన్ను బాధపెట్టే సంగతి ఇదే. ఆ అంగీని భద్రపరిచిన చోటికి వచ్చిన పేరు నుంచే 'చాపెల్' పుట్టింది.

ఆయన సమాధికి యాత్రికులు పెరిగేకొద్దీ పేరూ పాకింది. స్పెయిన్‌లో మార్తీన్, అతని సంతానం మార్తీనెజ్. ఇటలీలో మార్తీనో, హంగేరీలో మార్టోన్, పోలండ్‌లో మార్చిన్, డెన్మార్క్‌లో మోర్టెన్. ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఇంటిపేరు మార్టినే. మార్టిన్ గురించి ఇంకో కథ ఉంది: బిషప్ పదవి వద్దని పెద్దబాతుల మధ్య దాక్కుంటే అవి అరిచి పట్టించాయట. ఆయన పండక్కి స్వీడన్‌లో పెద్దబాతు మాంసం వండుతారు. సెల్మా లాగెర్‌లోఫ్ నవలలో నిల్స్‌ను వీపున మోసిన మగ పెద్దబాతు పేరూ మోర్టెనే.

1483 నవంబరు 10న జర్మనీలోని ఐస్‌లెబెన్‌లో ఒక బిడ్డ పుట్టాడు. మర్నాడు సెయింట్ మార్టిన్ పండగ. ఆ రోజే బాప్తిస్మమిచ్చి మార్టిన్ అని పెట్టారు. ఆయనే మత సంస్కర్త మార్టిన్ లూథర్. ఆయన బాట పట్టిన లూథరన్ల మిషన్ 1842లో గుంటూరు చేరింది. ఆ తర్వాత కోస్తా క్రైస్తవ కుటుంబాల్లో రెండు పేర్లూ కలిపి పిల్లలకు పెట్టుకోవడం మొదలైంది.

అమెరికాలో మైకేల్ కింగ్ అనే నల్లజాతి పాస్టర్ 1934లో జర్మనీ వెళ్లి లూథర్ తిరిగిన నేలను చూశాడు. తిరిగొచ్చాక తన పేరూ, అయిదేళ్ల కొడుకు పేరూ మార్టిన్ లూథర్ కింగ్ అని మార్చేశాడు. కొడుకు జనన పత్రంలో మైకేల్‌ను కొట్టేసి మార్టిన్ లూథర్ అని రాసింది మాత్రం 1957లో. అప్పటికి ఆ కొడుకు నడిపించిన మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ నెగ్గి ఏడాది కూడా కాలేదు.