ఎవరూ చదవలేని మహాగ్రంథం

1988 అక్టోబరులో బీజింగ్‌లోని చైనా ఆర్ట్ గ్యాలరీకి వెళ్లిన చదువుకున్నవాళ్లు తికమకపడ్డారు. ఎదురుగా దారంతో కుట్టిన పాతకాలపు పుస్తకాలు. పెద్దక్షరాల్లో మూలం, చిన్నక్షరాల్లో వ్యాఖ్యానం, ప్రాచీన గ్రంథాల హంగులన్నీ ఉన్నాయి. తీరా చూస్తే ఒక్క అక్షరమూ చదవడానికి రాదు.

ఆ పుస్తకాలను రూపొందించిన చిత్రకారుడు షు బింగ్ 1955లో పుట్టాడు. తండ్రి పీకింగ్ విశ్వవిద్యాలయం చరిత్ర శాఖలో పనిచేసేవారు. షు బింగ్ అక్షరాలు దిద్దే వయసులో ప్రభుత్వం లిపిని సరళం చేస్తోంది. నిన్న నేర్చుకున్న రూపం రేపు చెల్లేది కాదు. ఆపైన సాంస్కృతిక విప్లవం వచ్చింది. గోడల మీద రాసిన పెద్దక్షరాలే మనుషులను ద్రోహులుగా నిలబెట్టాయి. తండ్రికీ ఆ ముద్ర తప్పలేదు. కొడుకు చేతిరాత బాగుంటుందని అతనిచేత ప్రచార పత్రాలు రాయించారు.

1987లో షు బింగ్ చెక్క దిమ్మలపై కొత్త అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాడు. సుమారు 4000 చెక్కాడు. వాటితో అచ్చువేసిన నాలుగు సంపుటాలు 1991 నాటికి పూర్తయ్యాయి. ప్రదర్శనల్లో పుస్తకాలు నేలమీద పరిచి ఉంటాయి, పొడవాటి అచ్చు కాగితాలు పైకప్పు నుంచి జాలువారుతుంటాయి.

మన గుణింతం వచ్చినవాడు అర్థంలేని మాటనైనా పైకి చదివేస్తాడు. చైనా లిపిలో ఆ వీలు లేదు. అక్షరం తెలియకపోతే పలకడమూ కష్టమే. అయితే చాలా అక్షరాల్లో నీరు, చెట్టు, మాట వంటివాటిని సూచించే భాగాలుంటాయి. షు బింగ్ ఆ భాగాలనే అసలు లిపిలో లేని పద్ధతిలో జతచేశాడు. నీటి గుర్తు కనపడగానే చైనా పాఠకుడు ఇదేదో నది సంగతి అనుకుంటాడు. అంతలోనే దారి మూసుకుపోతుంది. లిపి రానివారికి అది అందమైన అల్లికగా కనిపిస్తుంది. చదువు ఎక్కువయ్యేకొద్దీ ఇబ్బందీ ఎక్కువే.

ఈ కృతి చూపేది పాత సంస్కృతిలోని డొల్లతనమని కొందరు, నినాదాల మీద వ్యంగ్యమని కొందరు వ్యాఖ్యానించారు. అసలు శీర్షిక వేరే అయినా, జనం నోట నిలిచిన ‘ఆకాశ గ్రంథం’ అన్న పేరే చివరికి స్థిరపడింది. 1989 జూన్‌లో తియనాన్మెన్ అణచివేత జరిగాక అధికార పక్షపు విమర్శకులు ఈ కృతిపై విరుచుకుపడ్డారు. అర్థమున్న రాతలకు శిక్షలు పడ్డ దేశంలో అర్థంలేని రాత కూడా నేరమైంది. 1990లో షు బింగ్ అమెరికా వెళ్లిపోయాడు.

తర్వాత అతనే విమానాశ్రయాల్లో, ఫోన్లలో కనిపించే బొమ్మ గుర్తులతో ‘నేల గ్రంథం’ రూపొందించాడు. మొదటిది ఎవరూ చదవలేరు, రెండోది ఏ భాషవారైనా చదవగలరు. పండితుడికి ఆ రెండింటి దగ్గరా పెద్దపీట లేదు.