బడి గంట నుంచి వంతెన దాకా

మన బడి గంట నిజానికి గంట కాదు, వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అటెండరు కొడితే ఖంగుమనేది. మోతను బట్టి ఇనుము మంచీచెడూ చెప్పడం రైల్వేవాళ్లకు పాత విద్యే. బండి ఆగగానే పొడుగు సుత్తితో చక్రాలను కొడుతూ పోయేవారు. మోత బొంగురుపోయిందంటే పగులు ఉందని అనుమానం.

పరికరాలు వచ్చాక ఇంజనీర్లు వంతెనలకూ ఇదే పరీక్ష పెట్టాలనుకున్నారు. పగిలితే బిగువు తగ్గుతుంది, దాంతో కంపన పౌనఃపున్యమూ తగ్గాలి. 1993లో అమెరికాలోని అల్బుకర్కీలో, రియో గ్రాండే నదిపై కూల్చబోతున్న ఐ-40 వంతెన వాళ్లకు దొరికింది. ఒక ఉక్కు గర్డరును నాలుగు విడతలుగా కోసి, ప్రతిసారీ కంపనాలు కొలిచారు. మూడు కోతల దాకా పౌనఃపున్యం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కింది ఫ్లాంజి పూర్తిగా తెగాకే తగ్గింది! చక్రాన్ని విడిగా కొడతాం. వంతెనలో ఒకచోట గాయమైతే మిగతా భాగాలు భారం పంచుకుని దాన్ని దాచేస్తాయి. పైగా 1996లో అదే రాష్ట్రంలోని అలమోసా కాన్యన్ వంతెనపై కొలిస్తే, ఏ దెబ్బా లేకుండానే, ఒక్క రోజు ఎండా చలికే పౌనఃపున్యం సుమారు 5 శాతం మారింది.

అందుకే సెన్సర్ల అంకెలు బాగున్నాయని కుర్ర ఇంజనీర్లు చెప్పినా, నేను టార్చిలైటు పట్టుకుని గర్డరు కిందికి దిగుతాను. వాళ్లు నవ్వుకుంటారు.