ఎనిమిదో తరగతి గడప దాటాక: బెంగళూరు ప్రైవేటు హైస్కూళ్ల ప్రవేశాల్లో ఆటల పాత్ర

ఆటలో నేర్పున్న పిల్లకు బెంగళూరులోని ప్రైవేటు హైస్కూల్లో సీటు దొరుకుతుందా? జవాబు ఆ పిల్ల ఆట కన్నా ఏ తరగతిలో చేరబోతోందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. కర్ణాటకలో హైస్కూలంటే 8, 9, 10 తరగతులు. 2009 నాటి విద్యాహక్కు చట్టం మాత్రం 8తో ఆగిపోతుంది. హైస్కూలు నడిమధ్య నుంచి పోయే ఈ గీతకు ఇరువైపులా క్రీడాప్రతిభ విలువ వేర్వేరుగా ఉంటుందని, ఆ తేడా పేదపిల్లలకే ఎక్కువ తగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

చట్టం 13వ సెక్షన్ ప్రవేశ సమయంలో క్యాపిటేషన్ ఫీజును, వడపోతను నిషేధించింది. లాటరీ వంటి యాదృచ్ఛిక పద్ధతిలో కాకుండా ఒక బిడ్డను కాదని మరో బిడ్డను ఎంచుకునే పద్ధతి ఏదైనా వడపోతే. వడపోతకు తొలిసారి జరిమానా 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా. రాతపరీక్షను, తల్లిదండ్రుల ఇంటర్వ్యూను తప్పుపట్టేవాళ్లు మైదానంలో జరిగే ట్రయల్స్‌ను పెద్దగా పట్టించుకోరు. చట్టంలో ఆటలకు ప్రత్యేక మినహాయింపు లేదు కాబట్టి, ప్రవేశం కోసం పెట్టే ట్రయల్స్ కూడా వడపోత కిందికే వస్తాయని నా అభిప్రాయం. అయితే 2014లో ప్రమతి కేసు తీర్పుతో మైనారిటీ విద్యాసంస్థలు ఈ చట్టం పరిధి నుంచి బయటపడ్డాయి. నగరంలో తరాలుగా ఆటలకు పేరుపడ్డ సెయింట్ జోసెఫ్స్ (1858), బిషప్ కాటన్ (1865) వంటివి క్రైస్తవ సంస్థలు నడిపే బడులే. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం పరిశీలించాలని కోరింది.

తొమ్మిదిలో చేరేటప్పుడు వడపోతపై ఈ నిషేధం ఉండదు. పీయూసీకి (11, 12 తరగతులకు) వచ్చేసరికి చాలా ప్రైవేటు కాలేజీలు క్రీడా కోటా ఉందని బాహాటంగానే ప్రకటిస్తాయి. ఇక్కడ బేరం సీటు ఒక్కదాని గురించే కాదు. ఫీజులో రాయితీ, హాజరులో వెసులుబాటు, పోటీలకు వెళ్లినప్పుడు తప్పిపోయిన యూనిట్ టెస్టు మళ్లీ రాసే అవకాశం కూడా అందులో భాగమే. సీబీఎస్ఈ బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు కావాలి. గుర్తింపు ఉన్న జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లినవాళ్లకు సడలింపు ఉంటుంది. అంటే హాజరు పట్టీలో దయ కూడా సర్టిఫికెట్ స్థాయిని బట్టే.

దరఖాస్తుతో వచ్చే ప్లాస్టిక్ ఫైలును కాస్త దగ్గరగా చూద్దాం. జనన ధ్రువపత్రం, ఆధార్, టీసీ, వాటి కింద పోటీల సర్టిఫికెట్ల దొంతర. పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) ముందుగా చూసేది పతకం రంగు కాదు, సర్టిఫికెట్ ఏ స్థాయిదన్నది. రాష్ట్ర సిలబస్ బడిలో చదివే పిల్ల క్లస్టర్, హోబళి (తాలూకాలో ఒక భాగం), తాలూకా, జిల్లా, డివిజన్ మెట్లన్నీ ఎక్కి రాష్ట్రస్థాయికి చేరాలి. సీబీఎస్ఈ బడి పిల్లకు ఆ బోర్డు సొంత క్లస్టర్లు, జాతీయ పోటీలు ఉన్నాయి. సీబీఎస్ఈ, సీఐఎస్‌సీఈ రెండూ స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాతీయ పోటీలకు విడివిడిగా జట్లు పంపుతాయి. ఎక్కిన నిచ్చెనలు వేరైనా చివరికి ఫైలులో కనిపించేది 'జాతీయ స్థాయి' అన్న ఒకే మాట.

వయసు చిక్కు ఇంకొకటి. అండర్-14, అండర్-17 విభాగాల్లో ముందుగా ఎదిగిన ఒళ్లు నేర్పులా కనిపిస్తుంది. కెనడా ఐస్ హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపికవుతున్నారని రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లోనే చూపింది. మన క్రికెట్ బోర్డు చిన్నవయసు విభాగాల్లో ఎముకల వయసు పరీక్ష చేయిస్తోంది. బడి ట్రయల్స్‌లో అంత జాగ్రత్త ఆశించడం అత్యాశే.

ఇక అసలు విషయం: ఆటగాణ్ని తయారుచేసేది ఎవరన్నది. రాహుల్ ద్రవిడ్ సెయింట్ జోసెఫ్స్ హైస్కూల్లో, అనిల్ కుంబ్లే బసవనగుడి నేషనల్ హైస్కూల్లో చదివారు. ద్రవిడ్ ప్రతిభను కోచ్ కేకీ తారాపూర్ గుర్తించింది చిన్నస్వామి స్టేడియం వేసవి శిబిరంలో. ముంబయిలో దారి వేరు: కోచ్ ఆచ్రేకర్ సలహాతో సచిన్ క్రికెట్ కోసమే బడి మారి శారదాశ్రమ్‌లో చేరాడు. బెంగళూరు ఇప్పుడు ఆ దారే పట్టింది, కాకపోతే మధ్యలో అకాడమీ వచ్చి చేరింది. 1994లో ప్రకాశ్ పదుకొణె బ్యాడ్మింటన్ అకాడమీ మొదలైంది. ఆపై ఈత, టెన్నిస్, క్రికెట్ అకాడమీలు పేటపేటకూ వెలిశాయి. ఆటగాణ్ని తయారుచేసే ఖర్చు తల్లిదండ్రులది, పేరు బడిది. పంట పండాక కళ్లంలో కొనుక్కోవడమే ఇది. దీన్ని ప్రతిభకు ప్రోత్సాహం అనలేను. పద్నాలుగేళ్లకే సర్టిఫికెట్ల దొంతర ఉన్నవాళ్లలో అకాడమీ ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలే ఎక్కువగా ఉంటారు.

హైదరాబాద్ శివారు హకీంపేట క్రీడా పాఠశాలది పూర్తిగా మరో తీరు. 1993లో ప్రభుత్వం నెలకొల్పిన ఆ బడిలో నాలుగో తరగతికే ఎంపిక జరుగుతుంది. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 6×10 మీటర్ల షటిల్ రన్, 800 మీటర్లు, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం: కొలతలు ముందే అందరికీ తెలుసు. అంత చిన్నవయసులో ఎంపికేమిటన్న అభ్యంతరం సబబే. అయినా పల్లెటూరి పిల్ల అక్కడ సర్టిఫికెట్ చూపనక్కర్లేదు, పరిగెత్తి చూపితే చాలు.

మళ్లీ బెంగళూరుకు వస్తే, విద్యాహక్కు చట్టం కింద పేదపిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లలో బెంగళూరు ప్రైవేటు బడుల్లో ఉచితంగా చేరిన పిల్లలకు ఆ సదుపాయం ఎనిమిదితో ముగుస్తుంది. తొమ్మిదిలో మామూలు ఫీజు కట్టాలి, లేదా బడి మారాలి. క్రీడా రాయితీ తలుపు తెరుచుకునేదీ అదే ఏడాది. బయటి అకాడమీ నుంచి ఛాంపియన్‌ను తెచ్చుకునే ముందు, ఎనిమిదేళ్లుగా తమ మైదానంలోనే ఆడుతున్న ఈ పిల్లలను చూడమని యాజమాన్యాలకు విన్నపం. కర్ణాటక విద్యాశాఖ చేయగలిగింది కూడా ఒకటుంది: తొమ్మిది నుంచి ఇచ్చే ప్రతి క్రీడా రాయితీ కొలమానాన్నీ, ఎన్ని రాయితీలు ఇచ్చారన్న లెక్కనూ బడి నోటీసు బోర్డులో పెట్టాలని ఆదేశించాలి.