వూట్జ్ ఉక్కు బాకుల ప్రామాణికత నిర్ధారణ

వూట్జ్ ఉక్కు బాకుల ప్రామాణికత నిర్ధారణ అనగా ఒక పురాతన బాకు లేదా కటారి అలుగు, మూసలో కరిగించి తీసిన దక్షిణ భారత ఉక్కుతో చేసినదేనా, దాని భాగాలన్నీ ఒకే కాలానికి చెందినవేనా అని తేల్చే పరిశీలన. అలుగుపై కనిపించే నీటి అలల వంటి చారలు ఈ ఉక్కుకు గుర్తుగా ప్రసిద్ధి పొందాయి. అయితే వీటిని అనుకరించే పద్ధతులు అనేకం ఉన్నందున కేవలం చారలను చూసి నిర్ణయానికి రావడం సరికాదు.

నేపథ్యం

"వూట్జ్" అనే మాట తెలుగు, కన్నడ భాషలలోని "ఉక్కు" నుండి వచ్చిందని భావిస్తారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసం ఈ ఉక్కును ఐరోపా శాస్త్రజ్ఞులకు పరిచయం చేసింది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఈ ఉక్కు తయారీకి పేరుపొందిన గ్రామం. అక్కడి తయారీ విధానాన్ని గురించి హెన్రీ వాయిసీ వ్రాసిన వర్ణన, ఆయన మరణానంతరం 1832లో ప్రచురితమైంది. పర్షియా వర్తకులు ఇక్కడికి వచ్చి ఉక్కు కొనుగోలు చేసేవారని అందులో ఉన్నది. అనగా ఉక్కు ముద్ద తెలంగాణది, అలుగు పర్షియాది కావచ్చు. కనుక చారలను బట్టి బాకు తయారైన ఊరిని నిర్ణయించలేము.

అలుగు పరిశీలన

చారల అలుగులు ముఖ్యంగా మూడు విధాలు.

* వూట్జ్ అలుగు: ఇందులో కర్బనం సుమారు 1.5 శాతం ఉంటుంది. చారలు లోహపు లోపలి నిర్మాణం నుండే ఏర్పడతాయి. మెరుగుపెట్టినపుడు మరుగైనా, తేలికపాటి ఆమ్లంతో తిరిగి బయటపడతాయి.
* అతుకు అలుగు: ఇనుము, ఉక్కు పొరలను కలిపి సాగగొట్టినది. దీని చారలు పెద్దవిగా, పొరల అంచులు స్పష్టంగా ఉంటాయి. ఇది కూడా ప్రాచీన పద్ధతే కాబట్టి దీనిని నకిలీ అనరాదు, కాని ఇది వూట్జ్ కాదు.
* పైపూత చారలు: మామూలు ఉక్కుపై ఆమ్లంతో గీసినవి. మెరుగుపెడితే పోతాయి, తిరిగి రావు.

చారలు లేనంత మాత్రాన వూట్జ్ కాదనలేము. అలుగును అధికంగా వేడిచేస్తే చారలు నశిస్తాయి. మరోవైపు, వెర్‌హోవెన్, పెండ్రే అనే అమెరికన్లు 20వ శతాబ్దం చివరలో ఇటువంటి చారలు గల ఉక్కును మళ్ళీ తయారుచేశారు. వనాడియం వంటి స్వల్ప మాలిన్యాలు చారలకు కారణమని 1998లో వివరించారు. కావున నిజమైన వూట్జ్ చారలు కూడా పురాతనత్వానికి రుజువు కావు.

పిడి, ముద్రలు, తుప్పు

పిడి, అలుగు వేర్వేరుగా పరిశీలించాలి. పాత అలుగుకు కొత్త పిడి బిగించడం పూర్వం నుండి ఉన్న ఆచారమే. అయితే మొత్తం ఒకే కాలానిదని చెప్పి అమ్మడం మోసం. ఐరోపా అలుగుకు భారతీయ పిడి అమర్చిన కత్తిని "ఫిరంగి" అనేవారు. తంజావూరు కటారులలో కూడా ఐరోపా అలుగులు కనిపిస్తాయి. జర్మనీలోని పస్సావు కత్తుల తోడేలు ముద్రను జోలింగెన్ పనివారు, తరువాత కాకసస్ పనివారు అనుకరించారు. కనుక ముద్ర ఒక్కటే సాక్ష్యం కాదు.

పాత తుప్పు ముదురు గోధుమ రంగులో, గట్టిగా, సందులలో పేరుకొని ఉంటుంది. ఆమ్లంతో తెప్పించిన తుప్పు ఎర్రగా, పొడిగా ఉండి వేలికి అంటుకొంటుంది. యంత్రంతో చేసిన మరలు, విద్యుత్ వెల్డింగు గుర్తులు ఆధునికతను సూచిస్తాయి.

శాస్త్రీయ పరీక్షలు

చేతితో పట్టుకొనే ఎక్స్-రే పరికరాలు కర్బనాన్ని కొలవలేవు. సూక్ష్మదర్శినితో లోహ నిర్మాణాన్ని చూడడం నమ్మదగినది, కాని దానికి సాధారణంగా చిన్న నమూనా తీయాలి లేదా కొంత భాగాన్ని మెరుగుపెట్టాలి. న్యూట్రాన్ వివర్తన పద్ధతిలో నమూనా అవసరం లేదు. ఇంటివద్ద రుద్ది, ఆమ్లం పూసి చూసే ప్రయత్నంలో అసలైన పాత ఉపరితలం, దానితోపాటు సాక్ష్యం నశిస్తాయి.

చట్టం

పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972 ప్రకారం నూరు సంవత్సరాలకు తక్కువ కాని ఇటువంటి కళావస్తువులు పురావస్తువులు. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు ఎగుమతి చేయరాదు. ఒక వస్తువు పురావస్తువు అవునా కాదా అనే సందేహం వచ్చినపుడు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి నిర్ణయమే అంతిమం.

ఇవి కూడా చూడండి

* కోనసముద్రం
* సాలార్ జంగ్ మ్యూజియం